మంత్రగత్తె చేతికి బకెట్టు ఇవ్వండి

వార్‌హామర్ 40,000 ఆడేవాళ్ళు, అందులోనూ బొమ్మల్ని కోసి, అతికించి సొంతంగా తయారుచేసుకునేవాళ్ళు, మంత్రగత్తెని ఎలా చేస్తారో చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ముందు ఓ వంపుల ఒళ్ళు వెతుకుతారు. దానికి ముసుగు తలో, గాలికి లేచిన జుట్టున్న తలో పెడతారు. నడుముకి మూడు పుర్రెలు, భుజాల మీద కొవ్వొత్తులు, మెడకో గొలుసు, అరచేతిలో ఊదారంగు మంట. అయిపోయింది, మంత్రగత్తె సిద్ధం. ఇలాంటివి కొన్ని వందలు చూసుంటాను. చాలావాటిలో చేతిపని అద్భుతంగా ఉంటుంది, అందులో పేచీ లేదు. కానీ వాటిని చేసినవాళ్ళు తమ ఊహతో చేశామనుకుంటారే, అక్కడే నా పేచీ. అది వాళ్ళ ఊహ కాదు. ఆమెని పట్టుకున్న అధికారి రాసిన చార్జిషీటు. దాన్ని మనం అక్షరం పొల్లుపోకుండా ప్లాస్టిక్కులోకి దింపి, రంగులేసి, అద్దాల బీరువాలో పెట్టుకుంటున్నాం.

ఈ ఆట సంగతి తెలియనివాళ్ళ కోసం కాస్త వెనక్కి వెళ్తాను. 1987లో ఇంగ్లండులో గేమ్స్ వర్క్‌షాప్ అనే సంస్థ రిక్ ప్రీస్ట్‌లీ రాసిన ఒక ఆట పుస్తకం వేసింది. నలభై వేల ఏళ్ళ తర్వాతి మానవ సామ్రాజ్యం, కుర్చీలో కుళ్ళిపోతున్న చక్రవర్తి, ఎడతెగని యుద్ధాలు. వేలెడంత బొమ్మలు, పాచికలు, కొలిచే టేపు, ఇవీ సరంజామా. 2001లో వీళ్ళే 'ఇంక్విజిటర్' అని ఇంకో ఆట తెచ్చారు. పెద్ద పెద్ద సైన్యాలుండవు, ఒక విచారణాధికారి, అతని వెంట నలుగురైదుగురు. ఆ బొమ్మలు 54 మిల్లీమీటర్ల కొలతలో ఉండేవి. కొంతమంది ఆ కథల్ని మామూలు 28 మిల్లీమీటర్ల బొమ్మలతోనే ఆడుకోవడం మొదలుపెట్టారు. దానికి ఇంక్-28 అని పేరొచ్చింది. ఇక్కడ గెలుపోటముల గొడవ తక్కువ, పాయింట్ల లెక్కలు దాదాపు ఉండవు. నీ వార్‌బాండ్‌లో ఎవరెవరు, ఎందుకు కలిసి తిరుగుతున్నారు, అదే ఆట. బజార్లో దొరికే బొమ్మలు ఈ కథలకి సరిపోవు కాబట్టి ఒక పెట్టెలోంచి కాళ్ళు, ఇంకో పెట్టెలోంచి తల తీసి కలుపుతారు. దాన్నే కన్వర్షన్ అంటారు. (మా ఇంట్లో ఫోన్లో ఈ మాట విని ఒక పెద్దాయన చాలా కంగారుపడ్డారు. మతమార్పిడి కాదండీ, బొమ్మమార్పిడి.)

సాహిత్య పత్రికలో ఈ గోల ఏమిటని అడిగేవాళ్ళుంటారని తెలుసు. కొండపల్లి బొమ్మ ఎలా చేస్తారో గుర్తుచేసుకోండి. తెల్లపొణికి చెక్కలో ఒళ్ళు వేరే, చేతులు వేరే చెక్కి, చింతగింజల పిండీ రంపపు పొట్టూ కలిపిన మక్కుతో అతికిస్తారు, ఆ మక్కుతోనే ఆకారం సరిదిద్దుతారు. కన్వర్షన్ చేసేవాళ్ళు వాడే గ్రీన్ స్టఫ్ అంతకంటే ఏమీ కాదు. నీలం, పసుపు రెండు రకాల ఎపాక్సీ కలిపి పిసికితే ఆకుపచ్చగా వస్తుంది, గట్టిపడేలోగా మలుచుకోవాలి. అయితే కొండపల్లి కళాకారుడు ఏనుగు అంబారీని చేసినప్పుడు మనం అతన్ని 'ఎవరి కథ చెప్తున్నావు' అని అడగం. ఇక్కడ అడగాలి. ఎందుకంటే ఇంక్-28 బొమ్మ అలంకారంగా మొదలవ్వదు, పాత్రగా మొదలవుతుంది. చేసినవాడే దానికి పేరు పెడతాడు, గతం రాస్తాడు, సంభాషణలు పలికిస్తాడు. కథ రాసేవాణ్ణి ఏమేం అడుగుతామో ఇతన్నీ అవన్నీ అడగొచ్చు. మొట్టమొదట అడగాల్సింది, కథ చెప్తున్నది ఎవరు?

వార్‌హామర్ 40,000 ప్రపంచం గురించి మనకి తెలిసిందంతా దాదాపుగా సామ్రాజ్యం గొంతులోంచి వచ్చిందే. సైనికుల చేతిపుస్తకాలు, ప్రార్థనలు, విచారణాధికారుల నివేదికలు. నమ్మదగని కథకుడు అనే మాట మనం కథల గురించి తెగ వాడతాం కదా, ఇది ఒక ప్రపంచానికి ప్రపంచమే అలాంటి కథకుడి నోటితో చెప్పించిన వ్యవహారం. అందులో మంత్రశక్తి ఉన్న మనిషిని సైకర్ అంటారు. నల్ల ఓడలు గ్రహాలు తిరుగుతూ అలాంటివాళ్ళని ఏరుకొస్తాయి. వాళ్ళలో రోజుకి వెయ్యిమందిని చక్రవర్తి సింహాసనానికి ఆహుతి చేస్తారు. ఆ ఆహుతి లేకపోతే ఆయన ఉండడు. అంతరిక్షంలో ఓడలకి దారి చూపించే వెలుగు కూడా సైకర్ల ప్రాణాలతోనే వెలుగుతుంది. గ్రహాల మధ్య కబుర్లు మోసేదీ వాళ్ళే. ఆ చక్రవర్తే అందరికంటే పెద్ద సైకర్. అంటే మొత్తం సామ్రాజ్యం నడిచేది మంత్రం మీదే. మరి మంత్రగత్తె ఎవరు? ముద్ర పడనిది. పరీక్షకి నిలబడి, మచ్చ వేయించుకుని, గొలుసు కట్టించుకుంటే ఆమె 'అనుమతి పొందిన సైకర్'. లేకపోతే మంత్రగత్తె. ఇద్దరి శక్తీ ఒకటే. తేడా కాగితంలో ఉంది.

కాగితాలు లేని మనిషికి పుర్రెల దండ ఎక్కణ్ణుంచి వచ్చింది? భయంతో బతుకుతున్నది భుజం మీద కొవ్వొత్తి వెలిగించుకుని తిరుగుతుందా?

దీనికి ఒక గట్టి జవాబుంది, దాన్ని దాటేసి పోవడం న్యాయం కాదు. 'నిజం లోకంలో మంత్రగత్తెలు లేరు కాబట్టి వాళ్ళని చంపడం ఘోరం. ఈ ఆట లోకంలో వాళ్ళు నిజంగానే ఉన్నారు, నిజంగానే ప్రమాదం. అదుపు తప్పితే వాళ్ళలోంచి దయ్యాలు దిగుతాయి. కాబట్టి ఇంక్విజిటర్ చెప్పింది అబద్ధం కాదు.' సరే. లెక్క చూద్దాం. ఎనిమిది, తొమ్మిదో ఎడిషన్లలో సైకర్ శక్తి వాడాలంటే రెండు పాచికలు వెయ్యాలి. రెండూ ఒకట్లు పడినా, రెండూ ఆర్లు పడినా ఆపద. ముప్పై ఆరింట రెండు, అంటే 18 ప్రయత్నాల్లో సగటున ఒకసారి. (2023లో వచ్చిన పదో ఎడిషన్‌లో ఆ మానసిక శక్తుల అంకాన్నే ఎత్తేశారు, అది వేరే ఏడుపు.) నా ఉద్యోగంలో ఇలాంటి అంకె వస్తే ఎవరూ సర్వర్‌ని తగలబెట్టరు. ఏ పరిస్థితిలో పడిపోతోంది, దాని మీద ఎంత బరువు వేస్తున్నాం, ఎవరు పదే పదే పిలుస్తున్నారు అని చూస్తారు. సామ్రాజ్యం చూడదు. తన కొలువులో ఉన్న సైకర్ చేత అదే పాచిక రోజూ వేయిస్తుంది, ఆమె పేలిపోతే పోయింది అనుకుంటుంది. బయట ఉన్న ఆమెని మాత్రం పాచిక వేసే లోపలే తగలేస్తుంది. ప్రమాదమే కారణమైతే ఇద్దరికీ ఒకే న్యాయం ఉండాలి కదా. ప్రమాదం అనేది ఇక్కడ కారణం కాదు, సాకు. ఆ సాకుని ఆట రాసినవాళ్ళు చాలా తెలివిగా రాశారు. ఆడేవాళ్ళు చాలా అమాయకంగా నమ్మేశారు.

'అబ్బే, ఇదంతా వ్యంగ్యం' అనేది రెండో జవాబు. 2021 నవంబరులో గేమ్స్ వర్క్‌షాప్ కూడా ఒక ప్రకటనలో ఈ మాటే స్పష్టంగా చెప్పుకోవాల్సి వచ్చింది. సామ్రాజ్యం ఆదర్శం కాదు, హెచ్చరిక, దాన్ని వ్యంగ్యంగా చూపిస్తున్నాం అని. నేను ఒప్పుకుంటాను. రాతలో వ్యంగ్యం ఉంది. కానీ వ్యంగ్యం వాక్యంలో ఉండగలిగినంత సులువుగా బొమ్మలో ఉండదు. వాక్యంలో ఒక్క విశేషణంతో అధికారి మాటని అధికారి మీదకే తిప్పొచ్చు. బొమ్మలో వీరుడు వీరుడిలానే నిలబడతాడు, మంత్రగత్తె మంత్రగత్తెలానే కనిపిస్తుంది. వ్యంగ్యం అనేది బొమ్మ కింద అతికించే చీటీ అయితే సరిపోదు. బాధితురాలికి ముఖం లేని వ్యంగ్యం ఎవరి మీద వేసినట్టు?

ఇంక్విజిటర్ టోపీ ఎక్కణ్ణుంచి వచ్చిందో చూస్తే ఈ సంగతి ఇంకా బాగా తెలుస్తుంది. ఆ ఎత్తయిన టోపీ, ఆ పొడుగు కోటు పదిహేడో శతాబ్దపు ఇంగ్లండువి. 1645 నుంచి 1647 దాకా తూర్పు ఇంగ్లండులో మంత్రగత్తెల్ని వేటాడిన మాథ్యూ హాప్కిన్స్‌వి. 1647లో అతను అచ్చేసిన చిన్న పుస్తకానికి ముఖచిత్రం ఉంది. మధ్యలో టోపీ పెట్టుకుని హాప్కిన్స్, కింద కూర్చుని ఇద్దరు ఆడవాళ్ళు, చుట్టూ జంతువులు. ఒకటి కుక్క ఒంటికి ఎద్దు తలతో ఉంటుంది. దాని పేరు వినెగర్ టామ్. ఆ పేరు ఎవరు చెప్పారు? అతను మొదట పట్టుకున్న ఎలిజబెత్ క్లార్క్. ఒంటికాలి ముసలావిడ, విధవ. రాత్రుల తరబడి నిద్రపోనివ్వకుండా కూర్చోబెట్టి చెప్పించారు. తర్వాత ఉరి తీశారు. (ఇంగ్లండులో మంత్రగత్తెల్ని ఉరే తీసేవారు. కాల్చడం యూరపు ప్రధాన భూభాగంలో, స్కాట్లండులో జరిగింది. బొమ్మల వాళ్ళు ముచ్చటపడి చేసే చితిమంటలు హాప్కిన్స్ టోపీకి అసలు జతే కావు.)

ఆ చిత్రాన్ని కాసేపు చూడండి. నిద్ర లేని ముసలావిడ నోటి నుంచి పిండిన జంతువులు హాప్కిన్స్‌తో సమానంగా, అదే నేల మీద, అదే గీతలతో నిలబడి ఉంటాయి. చూసేవాడికి అవి ఆమె మాటలు అని తెలియదు, ఎదురుగా ఉన్న నిజాలనే అనిపిస్తుంది. పుర్రెల మంత్రగత్తెకి మూలపుటమ్మ ఈ చిత్రమే. యూరపులో ఆ మూడు శతాబ్దాల వేటలో చంపినవాళ్ళు 40 నుంచి 60 వేలు ఉంటారని చరిత్రకారుల అంచనా. నాలుగింట మూడొంతులు ఆడవాళ్ళు. వాళ్ళ ఒంటి మీద పుర్రెలు లేవు. ఉన్నవి సూది పోట్లు. దయ్యం మచ్చ కోసం వెతుకుతూ పొడిచిన పోట్లు.

మనకి ఇది పరాయి చరిత్ర అనుకోడానికి వీల్లేదు. బాణామతి అనే మాట తెలంగాణలో పుట్టి పెరిగినవాళ్ళకి ఎవరూ వివరించక్కర్లేదు. చేతబడి చేశారని మనుషుల్ని చెట్టుకి కట్టి కొట్టిన, తగలబెట్టిన వార్తలు పేపర్లో జిల్లా పేజీల్లో చదువుతూనే పెరిగాం. ఆడవాళ్ళే కాదు, మగవాళ్ళూ ఉంటారు అందులో. పళ్ళు రాలగొడతారు. ఎందుకంటే పళ్ళు లేకపోతే మంత్రం సరిగ్గా పలకలేరట. ఆ తర్కం ఎంత నిఖార్సయిన ఇంజనీరింగ్ తర్కమో చూడండి, అదీ భయం. బీహారు 1999లో, జార్ఖండ్ 2001లో దీనికోసమే విడిగా చట్టాలు చేసుకున్నాయి. జాతీయ నేర గణాంకాల సంస్థ హత్యలకి కారణాలు వేసే పట్టికలో మంత్రతంత్రాలకి ఒక గడే ఉంది. ఆ గడి ఏ ఏడూ ఖాళీగా ఉండదు. ఇంకో సంగతి. మన జానపద సినిమాల్లో మంత్రగాడికి ఒక దర్జా ఉంటుంది. 'పాతాళభైరవి'లో ఎస్వీ రంగారావుని ఇప్పటికీ ముద్దుగానే తలుచుకుంటాం. మంత్రగత్తె అన్నామంటే మాత్రం తిట్టు.

అందుకని మంత్రగత్తెని మంచిదాన్ని చెయ్యమంటున్నానా? లేదు. అమాయకురాలని నిరూపించే బొమ్మ కూడా చార్జిషీటుకి రాసిన జవాబే. ప్రశ్న మాత్రం అధికారిదే. ఓల్గా 'విముక్త' కథల్లో శూర్పణఖ గుర్తుందా? ఆవిడ తన ముక్కు గురించి వాదించదు, రాముడిదే తప్పని సాక్ష్యాలు తేదు. తోట పెంచుకుంటూ ఉంటుంది. రచయిత్రి ఆవిడకి ఒక పని ఇచ్చింది. చేతికి పని రాగానే మనిషి వచ్చింది. పురాణాన్ని ఇంతకంటే తక్కువ మాటలతో పడగొట్టడం కష్టం. ప్లాస్టిక్కుతో చెయ్యాల్సింది కూడా ఇదే.

నేను చేసిన బొమ్మ సంగతి చెప్తాను. ఇంక్-28 వాళ్ళు చాలామంది నెక్రొముండా ఆటలోని ఎషర్ ముఠా ఆడవాళ్ళ బొమ్మలతో మొదలుపెడతారు. అవి మంచి బొమ్మలే, కానీ కాళ్ళు ఎడంగా వేసి నిలబడ్డ ఆ నిలబాటులోనే పోట్లాట ఉంది. నాకు పని చేసే ఒళ్ళు కావాలి. జీన్‌స్టీలర్ కల్ట్స్ సైన్యంలో నియోఫైట్ల పెట్టెలో గనుల్లో పనిచేసేవాళ్ళ దుస్తుల్లో ఉన్న ఒళ్ళు దొరికింది. ఎషర్ పెట్టెలోంచి తల మాత్రం తీసుకుని, ఆ నిక్కబొడుచుకున్న జుట్టు కోసి, నున్నగా అరగదీశాను.

అసలు పని నడుము దగ్గర. నిండు బకెట్టు మోస్తున్న మనిషిని ఎప్పుడైనా గమనించండి. బరువున్న వైపు భుజం జారుతుంది, ఒళ్ళు అవతలి వైపుకి వొంగుతుంది, ఖాళీ చెయ్యి కాస్త పక్కకి లేస్తుంది. బొమ్మలు చేసేవాళ్ళు చేతిలో బకెట్టు పెడతారు గానీ ఒంటికి బరువు పెట్టరు. నేను నడుము దగ్గర సన్న రంపంతో అడ్డంగా కోసి, ఒక పక్కన గ్రీన్ స్టఫ్ చీలిక దూర్చి, మధ్యలో పేపర్ క్లిప్ తీగ ముక్క గుచ్చి నిలబెట్టాను. మోచేతి దగ్గరా అంతే. ఒక మిల్లీమీటరు కన్నం, తీగ, ఫెవిక్విక్. బకెట్టుకి పల్చటి ప్లాస్టిక్ షీటు కుంచె కర్రకి చుట్టి అతికిస్తే చాలు. పాత కరెంటు వైరులోని రాగి పోగు పిడి అయింది.

తలకి గుడ్డ. ఇక్కడ తొందర పనికిరాదు. కలిపిన వెంటనే మలిస్తే పుట్టీ పనిముట్టుకి అంటుకుంటుంది, ముడతలు నిలవవు. ముప్పావుగంట ఆగి, పనిముట్టు తడి చేసుకుంటూ నొక్కితే గుడ్డ గుడ్డలా పడుతుంది. (గ్రీన్ స్టఫ్ మన వీధి చివర దొరకదు. ఎం-సీల్ ఏ హార్డ్‌వేర్ షాపులోనైనా దొరుకుతుంది, బకెట్టు అంచులకీ బొమ్మ కింద నేలకీ అది చాలు. పైపుల కోసం చేసిన సరుకుతో బట్టల ముడతలు మాత్రం వద్దు.) రెండో చెయ్యి ఏం చేస్తోంది? గుడ్డ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఈ సైగ నాకు ఏ కళా పుస్తకంలోంచీ రాలేదు. నోరు దాచుకోవడానికి ఆమెకి కారణం ఉండొచ్చు, పళ్ళు లేకపోవచ్చు, చూపించలేదు.

మరి మంత్రం? బకెట్టులో ఉంది. నీళ్ళు పోసేటప్పుడు మట్టం నేలకి సమాంతరంగా రానివ్వలేదు. బకెట్టుని వాల్చి పట్టుకుని రెజిన్ గట్టిపడేదాకా ఆగాను. ఇప్పుడు బకెట్టు నిటారుగా ఉంది, నీళ్ళు మాత్రం ఆమె వైపుకి ఏటవాలుగా నిలబడ్డాయి. ఆమె కళ్ళు బకెట్టులోకే చూస్తున్నాయి. అంతే. ఊదా మంట లేదు. బొమ్మని చేతిలోకి తీసుకుని కంటికి దగ్గరగా పెట్టుకుంటే గానీ తెలియదు, ఆ లోపల ఆమె వార్‌బాండ్‌కి నీళ్ళు మోసే మనిషి.

'ఇది గ్రిమ్‌డార్క్ కాదు, చీకటి ఏదీ' అన్నారు కొందరు. ఈ ధోరణికి మూలపురుషుడు జాన్ బ్లాంచ్. దశాబ్దాల పాటు గేమ్స్ వర్క్‌షాప్ బొమ్మల తీరు నిర్ణయించి, 2023లో రిటైరయ్యాడు. వైట్ డ్వార్ఫ్ పత్రికలో బ్లాంచిట్సు అనే ఆయన శీర్షిక చూసే సగంమంది కన్వర్షన్లు మొదలుపెట్టారు. ఆయన గోధుమ రంగు, ఎరుపు, ఆ సెపియా పూతలు అందరూ అనుకరిస్తారు. ఆయన చిత్రాల్లో పుర్రెలూ కొవ్వొత్తులూ కొల్లలుగానే ఉంటాయి, కాదనను. కానీ అవి ఎవరి ఒంటి మీద ఉంటాయో చూడండి. చాలావరకు అధికారం ఉన్నవాళ్ళ మీద, వాళ్ళ గుమ్మాల మీద, యంత్రాల మీద. పుర్రె అక్కడ రాజముద్ర. దాన్ని తెచ్చి తప్పించుకు తిరిగే ఆమె నడుముకి కట్టడం బ్లాంచ్‌ని చదవకుండా చూడటం. పైగా ఇదే ఇంక్-28లో గుమాస్తాలకీ, యాత్రికులకీ, బిచ్చగాళ్ళకీ ఎంత ప్రేమగా ఒళ్ళు వంచి బొమ్మలు చేస్తారో! గుమాస్తా వేళ్ళ మీద సిరా మరక కూడా మర్చిపోరు. ఆ శ్రద్ధ మంత్రగత్తె దగ్గరికి రాగానే ఏమైపోతుందన్నదే నా గొడవంతా.

ఇంక్-28 ఆటకి మధ్యవర్తి ఒకరుంటారు, నియమాలు మనమే కలుపుకోవచ్చు. నేనూ ఒకటి కలిపాను. ఆమె మీద కాల్పులు జరపాలంటే ఎదుటి ఆటగాడు ముందు ఆమె చేసిన నేరమేమిటో ఒక వాక్యంలో పైకి చెప్పాలి. మొదటిసారి ఆడినప్పుడు నా మిత్రుడు 'మంత్రగత్తె కదా' అన్నాడు. అది నేరం కాదు, పేరు అంది మధ్యవర్తిగా ఉన్న అమ్మాయి. అతను బొమ్మని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. చాలాసేపే చూశాడు. 'నీళ్ళు వంకరగా ఉన్నాయి' అన్నాడు. వాక్యమే కాబట్టి ఒప్పుకున్నాం. పాచిక వేశాడు, ఐదు పడింది. ఆమెని బోర్డు మీంచి తీసి పక్కన పెట్టాను.